క్వెస్ట్ 3లో ఇంటి ఫోటోలు, 360 వీడియోలు చూడాలంటే ఏ యాప్ కొనాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డాలస్‌లో ఉండే తమ్ముడు వస్తూ వస్తూ మెటా కంపెనీ వీఆర్ హెడ్‌సెట్ క్వెస్ట్ 3 తెచ్చాడు. ఇంట్లో ఒక హార్డ్ డిస్క్ నిండా పెళ్ళి ఫోటోలు, వీడియోలు ఉన్నాయి. అరకు ట్రిప్పులో చుట్టూ 360 డిగ్రీలూ తీసే ఇన్‌స్టా360 ఎక్స్3 కెమెరాతో తీసినవీ ఉన్నాయి. హెడ్‌సెట్‌లో తెరిస్తే 360 వీడియో చాప పరిచినట్టు పొడుగ్గా సాగిపోయి కనిపిస్తోంది. ఎలాగో చుట్టూ వచ్చేలా చేస్తే మసకగా ఉంది. అమ్మకు చూపిస్తే ఐదు నిమిషాల్లో కళ్ళు తిరుగుతున్నాయని తీసేసింది. ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ కొంటే సరిపోతుంది?

ముందు డబ్బు పెట్టకండి. వీడియోలకు డియోవీఆర్ వేసుకోండి, అది ఉచితం. కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్ళను కాపీ చేయకుండా వైఫై మీదే చూడాలనుకుంటే, అప్పుడు స్కైబాక్స్ వీఆర్ ప్లేయర్ కొనండి, సుమారు 10 డాలర్లు. 360 ఫోటోలు, 3డీ ఫోటోలు ఎక్కువగా ఉంటే ఇమ్మర్‌గ్యాలరీ బాగుంటుంది. మామూలు ఫోటోలకైతే హెడ్‌సెట్‌తో పాటు వచ్చే ఫైల్స్ యాప్ చాలు. కాకపోతే మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో యాప్ మారిస్తే పోయేది మొదటిదొక్కటే, అదీ పూర్తిగా కాదు. మసక, కళ్ళు తిరగడం రెండూ చాలామటుకు ఫైలులో ఉన్న సమస్యలు. వాటికి ఏ యాప్ కొన్నా ఉపయోగం లేదు.

నేను తెనాలి, గుంటూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు షూట్ చేస్తుంటాను. ఫోన్‌ని అట్టపెట్టెలో పెట్టి చూసే గూగుల్ కార్డ్‌బోర్డ్ రోజుల నుంచి ఈ పిచ్చి ఉంది. ఇప్పుడు అడిగినవాళ్ళకు 360, 3డీ 180 (ఎదురుగా ఉన్న సగాన్నే ఒక్కో కంటికి ఒక్కో బొమ్మగా తీసేది) కూడా తీసి ఇస్తున్నాను. పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి వస్తే సరిపోదు కదా, వాళ్ళింట్లో సోఫాలో కూర్చుని హెడ్‌సెట్ తగిలించి చూపించి రావాలి. కింద రాసేదంతా ఆ సోఫాల దగ్గర తిన్న చీవాట్ల నుంచి నేర్చుకున్నదే.

చాపలా ఎందుకు కనిపిస్తోంది

స్కూల్లో గోడకు వేలాడే ప్రపంచ పటం గుర్తుందా? గుండ్రటి భూమిని చించి బల్లపరుపుగా పరిస్తే అది వస్తుంది. 360 ఫైలు కూడా అంతే. వెడల్పు ఎత్తుకు సరిగ్గా రెండింతలు ఉంటుంది, పైఅంచు, కిందిఅంచు బాగా సాగిపోయి ఉంటాయి. దాన్ని మళ్ళీ గోళంలా చుట్టి మిమ్మల్ని మధ్యలో కూర్చోబెట్టడం ప్లేయర్ పని. అయితే అది చుట్టాల్సిన ఫైలని ప్లేయర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి.

చెప్పే దారులు మూడు. ఒకటి, ఫైలు లోపల ఉండే మెటాడేటా, అంటే ఆ ఫైలు ఎలాంటిదో చెప్పే సమాచారం. కెమెరా కంపెనీ సాఫ్ట్‌వేర్ నుంచి ఎగుమతి చేసినప్పుడు ఇది మామూలుగా దానంతటదే రాస్తుంది. రెండు, ఫైలు పేరు. మూడు, చూస్తున్నప్పుడు మీరే ప్లేయర్ మెనూలో 360 అనో 180 అనో నొక్కడం.

మీ విషయంలో ఏం జరిగి ఉంటుందో నాకు రెండు అనుమానాలు. అరకు ఫైళ్ళు ఎవరైనా వాట్సాప్‌లో పంపి, వాటిని మీరు దాచుకున్నారా? వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు కుదించేస్తుంది, ఆ కుదింపులో మెటాడేటా కూడా పోతుంది. 360 ఫోటో పొడుగాటి పట్టీగా మిగులుతుంది. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టే వెళ్తుంది.

రెండో అనుమానం, కెమెరా కార్డులోంచి ఫైళ్ళు నేరుగా డిస్కులోకి లాగేసి ఉంటారు. ఎక్స్3 కార్డులో ఉండేది పూర్తయిన వీడియో కాదు. ముందు లెన్సు, వెనక లెన్సు చూసిన రెండు గుండ్రటి బొమ్మలవి. ఫైలు చివర ఎంపీ4 అని కాకుండా ఐఎన్ఎస్‌వీ అని, ఫోటో అయితే ఐఎన్ఎస్‌పీ అని ఉంటే అవి పచ్చివే. ఇన్‌స్టా360 స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో వేసుకుని, అందులో తెరిచి, 360 వీడియోగా ఎగుమతి చేయాలి. చాలామంది అక్కడ పొరపాటున మామూలు వీడియోగా, అంటే ఒకవైపు మాత్రమే కనిపించే ఫ్రేముగా ఎగుమతి చేసేస్తారు. గోప్రో మ్యాక్స్ కూడా ఇదే తంతు.

పేరు సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే ఇదే నాకు బాగా కలిసొచ్చిన అలవాటు. ఎగుమతి చేశాక ప్రతి ఫైలు చివర నేను ఒక తోక తగిలిస్తాను. మామూలు 360 అయితే అండర్‌స్కోర్ పెట్టి 360. 3డీ 180 అయితే అండర్‌స్కోర్ 180, మళ్ళీ అండర్‌స్కోర్, ఎల్ఆర్. ఎడమకంటి బొమ్మ, కుడికంటి బొమ్మ పక్కపక్కన ఉన్నాయని దాని అర్థం. ఒకదాని కింద ఒకటి ఉంటే ఎల్ఆర్ బదులు టీబీ. నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ ఫైలులో ఇంగ్లీషు పెద్ద అక్షరాలే పెట్టాలి. డియోవీఆర్, స్కైబాక్స్ రెండూ ఈ తోకల్ని చదువుకుని సరిగ్గా తెరుస్తాయి. రేపు ఇంకో ప్లేయర్‌కు మారినా ఫైలేమిటో పేరు చూస్తే మీకే తెలుస్తుంది.

కార్డ్‌బోర్డ్ కెమెరా యాప్‌తో ఎప్పుడో తీసిన పాత ఫోటోలు ఇప్పటికీ కొందరి దగ్గర ఉన్నాయి. వాటిలో తమాషా ఏమిటంటే పైకి కనిపించేది ఒక కంటి బొమ్మే. రెండో కంటి బొమ్మ, అప్పటి శబ్దం రెండూ అదే జేపెగ్ ఫైలు కడుపులో మెటాడేటాగా దాగి ఉంటాయి. ఎవరైనా ఆ ఫోటోని ఎడిట్ చేసి సేవ్ చేస్తే 3డీ పోవచ్చు, గొంతు కూడా పోవచ్చు. అలాంటివి ఉంటే ముట్టుకోకుండా ముందు ఒక కాపీ దాచండి.

మసక లెక్క

ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ఒకసారి బుర్రకెక్కితే ఇక ఏ కెమెరా ప్రకటనా మిమ్మల్ని మోసం చేయలేదు.

క్వెస్ట్ 3లో మీ కంటి ముందు ఒక్కో డిగ్రీకి దాదాపు 25 పిక్సెల్స్ ఉంటాయి. క్వెస్ట్ 2, క్వెస్ట్ 3ఎస్‌లలో దాదాపు 20. చూపు బాగా ఉన్న కన్ను డిగ్రీకి 60 దాకా పట్టగలదని అంటారు కాబట్టి హెడ్‌సెట్టే కంటికి తక్కువ, అది వేరే సంగతి. ఇప్పుడు మీ వీడియో చూడండి. ఎక్స్3 5.7కే వీడియో వెడల్పు 5760 పిక్సెల్స్. అవి మీ ముందున్న తెరకు కాదు, చుట్టూ ఉన్న 360 డిగ్రీలకూ. భాగిస్తే డిగ్రీకి 16. హెడ్‌సెట్ 25 చూపించగలిగితే ఫైలు 16 ఇస్తోంది. ఎవరో 4కే 360 వీడియో ఇచ్చారనుకోండి, 3840ని 360తో భాగిస్తే 11 కూడా రాదు. పాత కేబుల్ టీవీ చూసినట్టుంటుంది. 8కే తీసే ఎక్స్4లో 7680 కాబట్టి 21. అక్కడ ఫరవాలేదనిపిస్తుంది.

5.7కే అన్న మాట వినగానే 4కే టీవీ కన్నా బాగుంటుందనుకుంటాం. ఆ అంకె ఇల్లంతటికీ కొన్న రంగు డబ్బా లాంటిది, మీరు చూసేది ఒక్క గోడ.

అదే కెమెరాతో ఫోటో తీయండి. 72 మెగాపిక్సెల్ మోడ్‌లో వెడల్పు దాదాపు 12 వేల పిక్సెల్స్ వస్తుంది. డిగ్రీకి 33, హెడ్‌సెట్ చూపించగలిగిన దానికన్నా ఎక్కువే. అందుకే ఒకే కెమెరా, ఒకే చోటు, ఫోటో అద్దంలా ఉంటుంది, వీడియో పొగలో ఉన్నట్టుంటుంది. నా దగ్గరకు వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. చోటు గుర్తుండాలంటే ఫోటో తీయించుకోండి, కదలిక ముఖ్యమైతేనే వీడియో. బొర్రా గుహల లోపల వీడియో ఎందుకండీ? రాయి కదలదు కదా. చీకట్లో తీసిన వీడియోకు గింజలు గింజలుగా నాయిస్ కూడా తోడవుతుంది. స్టాండు మీద పెట్టి తీసిన ఫోటో అయితే హాయిగా తల తిప్పుకుంటూ చూడొచ్చు.

మామూలు పెళ్ళి వీడియో సంగతి ఇందుకు తిరగేసి ఉంటుంది. చీకటి హాల్లో పెద్ద తెర వేసినట్టు చూపించే మోడ్ అన్ని ప్లేయర్లలోనూ ఉంది. ఆ తెర మీ చూపులో ఓ 60 డిగ్రీలు ఆక్రమిస్తే, 60ని 25తో గుణిస్తే 1500 పిక్సెల్స్. అంటే మీ పాత ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఉన్న 1920 పిక్సెల్స్ చాలు. 4కేగా మార్చుకోవాల్సిన పనేమీ లేదు. ఫోన్ ఫోటోలు కూడా అంతే, 12 మెగాపిక్సెల్ అంటే కావలసినదానికన్నా ఎక్కువ. ఫోన్‌తో తిప్పి తీసిన పనోరమా ఉంటే వంపు తిరిగిన తెర మీద పెట్టి చూడండి. ఎప్పుడో రామకృష్ణా బీచ్‌లో తీసి మర్చిపోయిన పనోరమాని మా బావమరిదికి అలా చూపిస్తే, సెల్ఫీల కోసం తప్ప కెమెరా తీయని మనిషి ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ఫోన్ అడ్డంగా తిప్పుతున్నాడు.

మాట వినిపిస్తుంది, బొమ్మ రాదు

మీరు అడగలేదు గానీ ఎగుమతి మొదలుపెట్టగానే తగిలే గోడ ఇది. మా దగ్గర ఎడిటింగ్ చేసే కుర్రాడు ఒకసారి మొత్తం రిసెప్షన్ 8కేలో చేసి ఇచ్చాడు. కస్టమర్ ఇంట్లో తగిలిస్తే సన్నాయి వినిపిస్తోంది, కళ్ళ ముందు కటిక చీకటి. పెళ్ళికొడుకు తండ్రి హెడ్‌సెట్ తీసి, "ఇదేమన్నా రేడియోనా నాయనా?" అన్నాడు. కుర్రాడు హెచ్.264 అనే కోడెక్‌లో, అంటే వీడియోని కుదించే పద్ధతిలో, ఎగుమతి చేశాడు. 4కే దాటిన వెడల్పుకు హెడ్‌సెట్ చిప్ ఆ కోడెక్‌ని మోయలేదు. హెచ్.265లో చేస్తే క్వెస్ట్ 3 సుమారు 8192×4096 దాకా ఆడిస్తుంది. క్వెస్ట్ 3కి ఏవీ1 కూడా వచ్చు. కాబట్టి 4కే దాటితే హెచ్.265, అంతే గుర్తుంచుకోండి.

సెకనుకు 30 ఫ్రేములు చాలా, 60 కావాలా అని కూడా అడుగుతుంటారు. మీరు తల తిప్పినప్పుడు కనిపించే నున్నదనం వీడియో ఫ్రేముల మీద ఆధారపడదు, దాన్ని హెడ్‌సెట్ తన వేగంతో తనే గీస్తుంది. వీడియోలో కదిలే మనుషులు మాత్రం 30లో కొంచెం కుదుపుగా కనిపిస్తారు. కూర్చుని మాట్లాడుకునే చోట 30 చాలు, డ్యాన్సులకు 60 బాగుంటుంది.

కాపీ చేయాలా, వైఫై మీద చూడాలా

మొదట్లో కాపీయే చేసుకోండి. యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, హెడ్‌సెట్ పెట్టుకుని లోపల వచ్చే అనుమతి నోటిఫికేషన్‌ని ఒప్పుకోవాలి. దీన్ని మర్చిపోయి కేబుల్ పాడైందనుకునేవాళ్ళే ఎక్కువ. విండోస్‌లో క్వెస్ట్ ఒక డ్రైవ్‌లా కనిపిస్తుంది, వీడియోలు మూవీస్ ఫోల్డర్‌లో, ఫోటోలు పిక్చర్స్‌లో వేయండి. మ్యాక్ అయితే ఓపెన్ఎంటీపీ లాంటి యాప్ కావాలి. పెన్‌డ్రైవ్ మధ్యలో వాడుతుంటే అది ఫ్యాట్32లో ఉందేమో చూసుకోండి, 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోవాలి.

జాగా లెక్క: 8కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున ఎగుమతి చేస్తే నిమిషానికి 750 ఎంబీ. పది నిమిషాలకు ఏడున్నర జీబీ. 128 జీబీ హెడ్‌సెట్ ఎంతసేపట్లో నిండుతుందో మీరే ఊహించుకోండి. అప్పుడు వైఫై దారి పట్టాలి. కంప్యూటర్‌లో ఫోల్డర్‌ని షేర్ చేసి, స్కైబాక్స్‌లో నెట్‌వర్క్ అన్న చోట తెరిస్తే చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఇక్కడ నేను మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్న కథ ఒకటుంది. వీడియో ప్రతి పది సెకన్లకూ ఆగిపోయేది. యాప్ మార్చాను, హెడ్‌సెట్ రీసెట్ చేశాను, వీడియో మళ్ళీ ఎగుమతి చేశాను. చివరికి చూస్తే, ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన రౌటర్‌లో వైఫై 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే, పైగా వెనక ఉన్న ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లది. 100 మెగాబిట్ల వీడియోని 100 మెగాబిట్ల గొట్టంలోంచి లాగుతున్నాను! 5 గిగాహెర్ట్జ్ వైఫై, గిగాబిట్ పోర్టు ఉన్న రౌటర్ పెట్టి, హెడ్‌సెట్‌ని అదే గదిలో వాడితే ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. అంతకుముందు తిట్టుకున్న యాప్‌నే ఇప్పటికీ వాడుతున్నాను.

తమ్ముడికి డాలస్‌లో చూపించాలంటే యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్ళకే కనిపించేలా) ఎక్కించి లింకు పంపండి. 2015 నుంచీ యూట్యూబ్ 360 వీడియోలు తీసుకుంటోంది, హెడ్‌సెట్‌లో దాని యాప్ ఉంది. నాణ్యత కొంచెం తగ్గుతుంది. మెటాడేటా ఉంటేనే 360గా గుర్తిస్తుంది, పేరు చివరి తోకను అది పట్టించుకోదు.

అమ్మగారికి కళ్ళు ఎందుకు తిరిగాయి

కారు పైనో, కిటికీలోంచి కర్ర బయటపెట్టో అనంతగిరి ఘాట్ రోడ్డు తీశారు కదూ? చెప్పకపోయినా తెలుస్తుంది, అరకు వెళ్ళిన ప్రతివాళ్ళూ అదే తీస్తారు. కళ్ళేమో మలుపులు తిరుగుతున్నామని చెప్తాయి, లోచెవి మాత్రం కుర్చీలో కదలకుండా కూర్చున్నామంటుంది. ఆ తగాదాకే కడుపులో తిప్పుతుంది. ఏ యాప్ సెట్టింగూ దాన్ని ఆపదు. కెమెరా కదిలిన వీడియోలు పెద్దవాళ్ళకు చూపించకండి. కదలకుండా పెట్టి తీసినవి ఒక్కోటి అరనిమిషం చొప్పున కత్తిరించి చూపించండి. మొదటిసారైతే వీడియో జోలికే పోకుండా నాలుగు ఫోటోలతో మొదలుపెట్టండి. హొరైజన్ ఒక పక్కకు ఒరిగి ఉన్నా తల తిరుగుతుంది, దాన్ని ఎగుమతి చేసేటప్పుడే సరిచేయొచ్చు.

ఇంకోటి ఎవరూ చెప్పరు: కెమెరా ఎత్తు. దీన్ని నేను నేర్చుకున్న తీరు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. ఒక ఇంట్లో పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. పడగొట్టే ముందురోజు వెళ్ళి వసారాలో, నడవాలో, వంటింట్లో, బావి దగ్గర కలిపి ఎనిమిది చోట్ల 360 ఫోటోలు తీశాను. కర్ర బాగా పొడుగు చేసి, నా తలకన్నా పైకి పెట్టి తీశాను, నా నీడ పడకూడదని. కొన్ని నెలల తర్వాత ఆ ఇంటి నాన్నమ్మగారికి కుర్చీ వేసి, హెడ్‌సెట్ తొడిగి, వసారా ఫోటో తెరిచాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తల మెల్లగా కుడివైపుకు తిప్పారు, వీధి గుమ్మం ఉన్న వైపుకు. ద్వారబంధం పట్టుకోబోయినట్టు చెయ్యి చాచారు. తర్వాత కిందకు చూసి, కాళ్ళు రెండూ కుర్చీ మీదకు ముడుచుకున్నారు. "అటక మీద కూర్చోబెట్టావేంట్రా నన్ను, పడిపోతానేమో" అన్నారు.

ఆవిడ కూర్చున్న మనిషి, కెమెరా ఆరున్నర అడుగుల మీద ఉంది. చూసేవాళ్ళ కళ్ళు కెమెరా ఉన్న ఎత్తులోనే ఉంటాయి. మళ్ళీ తీద్దామంటే ఇల్లు లేదు. అప్పటి నుంచి ఇళ్ళలో నాలుగడుగులు దాటి కెమెరా పెట్టను. నీడ పడితే పడనీ.

ఆవిడే ఇంకో మాట అడిగారు, "వంటింట్లోకి పోదాం పదరా" అని. 360 ఫోటోలో నడవడం కుదరదు. ఉన్నచోట తల తిప్పుకోవడమే. రిమోట్ నొక్కి వంటింటి ఫోటో తెరిస్తే ఒక్కసారిగా అక్కడ ఉంటారు. అందుకే ఫోటోలను ఇంట్లో నడిచే వరుసలో 01, 02 అని అంకెలు వేసి పెట్టుకుంటాను, తర్వాతిది నొక్కితే గడప దాటినట్టు ఉంటుంది. నిజంగా నడవాలంటే గాస్సియన్ స్ప్లాట్ అనే పద్ధతి ఉంది, గదినంతా వందల ఫోటోలు తీసి చేసేది. నేను ఇంకా దాన్ని కస్టమర్లకు ఇచ్చే స్థాయిలో చేయట్లేదు.

మనుషులకు 3డీ

360 చోటుకు బాగుంటుంది. మనుషులకు నా ఓటు 3డీ 180కే. వెనక ఏముందో ఎవరికీ అక్కర్లేదు, ఎదురుగా ఉన్న మనిషి చెయ్యి చాచితే అందేలా ఉండాలి. కెనాన్ 5.2ఎంఎం డ్యూయల్ ఫిష్‌ఐ లెన్సులో రెండు కళ్ళ మధ్య దూరం 60 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మన కళ్ళ మధ్య ఉన్నంతే. అందుకే అందులో మనుషులు మనుషుల సైజులోనే కనిపిస్తారు. చిన్నప్పుడు తీర్థాల్లో కొనుక్కున్న వ్యూమాస్టర్ గుర్తొస్తుంది. గుండ్రటి చక్రంలో 14 చిన్న ఫిల్ములు, రెండేసి కలిపి ఏడు దృశ్యాలు. సూత్రం అదే, ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ.

ఇంట్లో ఎవరి దగ్గరైనా ఐఫోన్ 15 ప్రో లేదా ఆ తర్వాతి ప్రో ఉంటే అందులో స్పేషియల్ వీడియో ఉంటుంది. ఫోన్‌లోని మెటా యాప్ ద్వారా క్వెస్ట్‌లోకి ఎక్కించి చూడొచ్చు. లెన్సులు బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి ఐదారు అడుగుల్లో ఉన్న మనిషికే లోతు తెలుస్తుంది. కల్యాణ మండపం చివర నుంచి తీస్తే మామూలు వీడియోకీ దానికీ తేడా ఉండదు. పిల్లకు అన్నప్రాశన చేస్తున్నప్పుడు ఎదురుగా కూర్చుని తీస్తే మాత్రం అద్భుతం.

3డీలో ఏదో ఇబ్బందిగా ఉంది, తలనొప్పి వస్తోంది అనిపిస్తే కళ్ళు తారుమారయ్యాయేమో చూడండి. ఒక్కో కన్ను మూసి చూస్తే తెలుస్తుంది. ఎడమ కన్నుతో చూసినప్పుడు దగ్గరున్న మనిషి వెనక గోడ మీద కుడివైపుకు జరిగినట్టు కనిపించాలి. తిరగేసి కనిపిస్తే ప్లేయర్ మెనూలో ఎడమ, కుడి మార్చే మీట ఉంటుంది, నొక్కేయండి.

పాత ఫోటోని 3డీగా మార్చే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలానే వచ్చాయి. ఆపిల్ వాళ్ళ హెడ్‌సెట్ విజన్ ప్రోలో విజన్ఓఎస్ 2 నుంచి అది ఫోటోస్ యాప్‌లోనే ఉంది. సాదా గోడ ముందు నిలబడిన మనిషి అయితే నిజంగానే బాగా వస్తుంది. పెళ్ళికూతురి ఫోటో పెట్టి చూశాను. ముఖం బ్రహ్మాండం, పూలజడ దగ్గరకొచ్చేసరికి మల్లెపూల అంచులు వెనక ఉన్న తెరకు అంటుకుపోయి కరిగిన మైనంలా ఉన్నాయి. అసలు ఫోటో తీసేసి మార్చినదొక్కటే ఉంచుకోవడం మాత్రం చేయకండి.

మిగతా చిన్న చిన్నవి

అన్ని ప్లేయర్ల మొదటి పేజీ ఇంటిల్లిపాదీ చూసేలా ఉండదు. యాప్ వేసుకోగానే మీరే ఒకసారి అంతా తిరిగి చూసి, లోకల్ ఫైళ్ళ పేజీ తెరిచి పెట్టి, అప్పుడు అమ్మగారికి ఇవ్వండి. ఎందుకో విడిగా చెప్పనక్కర్లేదనుకుంటా.

వాళ్ళు చూసేది మీకూ కనిపించేలా ఫోన్‌లోకి క్యాస్ట్ చేసుకోండి. లేకపోతే "అక్కడేదో ఉంది నొక్కనా" అంటే మీకేం తెలియదు, టెన్షన్. దృశ్యం వీపు వైపుకు తిరిగిపోతే కుడి కంట్రోలర్‌లో మెటా బటన్ నొక్కి పట్టుకుంటే ఎదురుగా వస్తుంది. 360కి తిరిగే కుర్చీ, 180కి సోఫా.

ఒక్కొక్కరి కళ్ళ మధ్య దూరం ఒక్కోలా ఉంటుంది. క్వెస్ట్ 3 కింద దానికోసం ఒక చక్రం ఉంది. మీకు సరిపోయినట్టు పెట్టుకుని అదే అమ్మగారికి ఇస్తే ఆవిడకు మసకే. మీరు చెప్పిన మసకలో ఇది కూడా కొంత ఉండొచ్చు. కళ్ళజోడు ఉంటే తీయించకండి, లోపల జాగా పెంచుకునే ఏర్పాటు ఉంది. కొప్పు ఉన్నవాళ్ళకు వెనక పట్టీ కొప్పు కిందకు రావాలి, పైకి పెడితే జారి ముక్కు మీద పడుతుంది. తలకు నూనె రాసుకునే ఇళ్ళలో ముఖం తగిలే మెత్తని భాగానికి విడిగా కవర్ కొనుక్కోండి. ఇక హెడ్‌సెట్‌ని కిటికీ దగ్గర, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. ఎండ లెన్సులో పడితే భూతద్దంలా పనిచేసి లోపలి తెరని కాల్చేస్తుంది.

వేరే హెడ్‌సెట్ వాళ్ళు చదువుతుంటే: కంప్యూటర్‌కు కలిపే హెడ్‌సెట్ అయితే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో డియోవీఆర్, స్కైబాక్స్, వర్లిగిగ్ ప్లేయర్లు ఉన్నాయి. విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్ ఎవరైనా చవగ్గా అమ్ముతానంటే కొనకండి, విండోస్ 11 24హెచ్2 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని పూర్తిగా తీసేసింది. ఇలా మూతపడ్డవి చాలా ఉన్నాయి, ఫోన్‌తో వీఆర్ చూసే గూగుల్ డేడ్రీమ్ కూడా 2019లో ఆగిపోయింది. అందుకే ఏ యాప్ సొంత ఆల్బమ్‌లోనూ దాచకుండా, ఎంపీ4, జేపెగ్ ఫైళ్ళుగా హార్డ్ డిస్కులోనే పెట్టుకోండి. కెమెరా ఇచ్చిన పచ్చి ఫైళ్ళు కూడా పారేయొద్దు, వాటి నుంచి మళ్ళీ ఎగుమతి చేసుకోవచ్చు.

మీరు చేయాల్సింది ఒకటే ఉంది ఇప్పుడు. మసకగా ఉందన్న అరకు ఫైలు మీద కంప్యూటర్‌లో రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరవండి. ఫ్రేమ్ వెడల్పు, ఎత్తు అని రెండు అంకెలుంటాయి. ఆ రెండూ, ఫైలు చివర ఏ అక్షరాలున్నాయో అదీ ఇక్కడే కింద రాయండి. వెడల్పు 5760 ఉంటే ఎగుమతి సరిగ్గానే ఉంది, అంతకన్నా పదును వీడియోలో రాదు. 1920 అనో 3840 అనో కనిపిస్తే మాత్రం ఎగుమతిలోనే తగ్గిపోయింది, పచ్చి ఫైలు ఉంటే మళ్ళీ చేద్దాం.